పర్షియన్ రెస్టారెంట్‌లో బిర్యానీ ఎందుకు దొరకదు?

మాది నాందేడ్ జిల్లా దెగ్లూర్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారుకు వెళ్తే రెండూ, వాటికి తోడు ఉర్దూ. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు మొన్న అమ్మనీ, అక్కనీ, నన్నూ అక్కడి ఒక కొత్త పర్షియన్ రెస్టారెంట్‌కు తీసుకెళ్లింది. మెనూ చేతికి రాగానే అక్కకు ప్రాణం లేచొచ్చింది. కబాబ్, పొలో, నాన్, పనీర్, హలీం. అన్నీ తెలిసిన పేర్లే. ప్లేట్లు వచ్చాక చూస్తే ఒక్కటీ తెలిసిన వంటలా లేదు. కూర నల్లగా ఉంది. ఆకుకూర పచ్చిదే కట్టలుగా పెట్టారు. గిన్నె అడుగున అంటుకున్న మాడును పళ్లెంలో సర్ది, దానికి విడిగా రేటు వేశారు.

"ఇదేందే, పైసలు తీస్కొని మాడు పెట్టిండ్రు?" అంది అమ్మ.

ఇలాంటి చోటికి వెళ్లొచ్చిన మావాళ్లు చాలామంది దాదాపు ఇవే మాటలు చెబుతున్నారు. కొందరు చప్పగా ఉందంటారు. కొందరు బిర్యానీ కూడా లేకుండా అదేం పర్షియన్ అంటారు. ఇంకొందరు అసలు మన బిర్యానీ వాళ్లదేనని వాదిస్తారు. నాకు అర్థమైనంతలో ఈ గందరగోళానికి కారణం ఒకటే. పర్షియన్ మాటలు ఎప్పుడో మన వంటింటి దాకా వచ్చేశాయి. వాటి వెనక ఉన్న వంటలు మాత్రం దారిలోనే మారిపోయాయి, కొన్ని అసలు బయలుదేరనేలేదు. అందుకే మెనూ చదివితే చుట్టపింటికి వచ్చినట్టు ఉంటుంది, తింటే కొత్త ఊరిలా ఉంటుంది.

పర్షియన్, ఇరానీ, పార్సీ: ఏది ఏది?

ముందు ఈ మూడు పేర్లనూ విడదీసుకోవాలి. పర్షియా అన్నా ఇరాన్ అన్నా దేశం ఒకటే. అక్కడ ఫార్స్ అనే ప్రాంతం ఉంది. దాని పాత పేరు పార్స్. గ్రీకులు దాన్నిబట్టి దేశమంతటికీ పేరు పెట్టారు, యూరప్ అదే వాడింది. అక్కడి జనం మాత్రం తమ దేశాన్ని ఇరాన్ అనే పిలుచుకున్నారు. 1935లో రెజా షా ప్రభుత్వం విదేశాలు కూడా ఇరాన్ అనే పేరే వాడాలని కోరింది. హోటళ్లు ఇప్పటికీ పర్షియన్ అనే రాసుకుంటున్నాయంటే, ఆ పేరులో పాత రాజ్యాల హంగు, కవిత్వం, తివాచీలు అన్నీ కలిసి వినిపిస్తాయి కాబట్టి.

పార్సీలు వేరు. ఇరాన్‌ను అరబ్బులు గెలిచిన తరువాతి శతాబ్దాల్లో గుజరాత్ తీరానికి వచ్చి స్థిరపడిన జొరాస్ట్రియన్ మతస్థులు వాళ్లు. వెయ్యేళ్లకు పైగా ఇక్కడే ఉన్నారు. పప్పులు, కూరగాయలు, మాంసం, మసాలా కలిపి ఉడికించే వాళ్ల ధాన్‌సాక్ ఈ గడ్డ మీద పుట్టిన వంట. టెహ్రాన్‌లో అడిగితే దొరకదు.

ఇరానీలు ఇంకా ఇటీవలి వాళ్లు. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో యజ్ద్ లాంటి ఊళ్ల నుంచి బతుకుదెరువు కోసం ముంబై, పుణె, హైదరాబాద్ చేరి, మూల మీది కొట్లు తీసుకుని చాయ్ హోటళ్లు పెట్టారు. బన్ మస్కా, ఉస్మానియా బిస్కెట్, చిక్కటి పాల చాయ్ ఆ హోటళ్ల గుర్తులు. వాటిలో ఉస్మానియా బిస్కెట్‌కు పేరు వచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వల్ల.

కాబట్టి కొత్తగా వస్తున్న పర్షియన్ రెస్టారెంట్ ఈ రెండు సంప్రదాయాలకూ కొనసాగింపు కాదు. నేరుగా ఇవాళ్టి ఇరాన్ ఇళ్లలో, బజారుల్లో తినేదాన్ని వడ్డిస్తానని చెప్పుకునే చోటు అది.

మన డేగిసా ఎక్కడిది?

మా దెగ్లూర్‌కు బీదర్ దగ్గరే. అక్కడ రంగు పెంకులు రాలిపోగా మిగిలిన ఒక పెద్ద మదర్సా ఉంది. 1472లో దాన్ని కట్టించిన బహమనీ మంత్రి మహమూద్ గవాన్ ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చినవాడు. గీలాన్ పేరు గుర్తుంచుకోండి, భోజనంలో మళ్లీ రెండుసార్లు వస్తుంది. ఆ తరువాత గోల్కొండ ఏలిన కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ హమదాన్ ప్రాంతం వాడు. 1591లో హైదరాబాద్ నగరానికి రూపం ఇచ్చిన మీర్ మోమిన్ కూడా ఇరాన్ వాడే. నిజాం కచేరీల్లో 1880ల దాకా ఫారసీలోనే, అంటే పర్షియన్ భాషలోనే, కాగితాలు నడిచాయి. 1956లో రాష్ట్రాలు విడదీసేదాకా నాందేడ్ జిల్లా ఆ హైదరాబాద్ రాష్ట్రంలోదే.

అందుకే తహసీల్దార్‌లో, పట్టాదార్‌లో ఉన్న 'దార్' మనకు పరాయిగా అనిపించదు. వంటింట్లో ఇంకా ఎక్కువ. బాదం, పిస్తా, కిస్మిస్, పనీర్ అన్నీ ఫారసీ మాటలే. గులాబ్ అంటే గులాబీ నీరు. నాన్ అంటే ఏ రొట్టె అయినా సరే. రంజాన్ పండుగనాడు పక్కింటి నుంచి వచ్చే షీర్ ఖుర్మాలో షీర్ పాలు, ఖుర్మా ఖర్జూరం. మనం అన్నం వండే డేగిసా కూడా 'దీగ్' అనే ఫారసీ మాట చుట్టమే.

రాకపోకలు రెండు వైపులా జరిగాయి. వాళ్లు వంకాయను బాదెంజాన్ అంటారు. ఆ మాట సంస్కృతంలోని వాతింగణ నుంచి వెళ్లిందని భాషావేత్తలు చెబుతారు.

మాట ఒకటి, ప్లేటు వేరు: మూడు ఉదాహరణలు

బిర్యానీ. ఫారసీలో 'బెర్యాన్' అంటే వేయించినది, కాల్చినది. ఇస్ఫహాన్ నగరంలో ఇవాళ బెర్యానీ అడిగితే, ఉడికించి దంచిన గొర్రె మాంసాన్ని చిన్న మూకుడులో గుండ్రంగా వేయించి, రొట్టె మీద పెట్టి ఇస్తారు. పక్కన ఊపిరితిత్తుల మాంసం కూడా ఉంటుంది. అందులో ఒక్క మెతుకు అన్నం ఉండదు. మరి మన బిర్యానీ వాళ్లదని చెప్పడం తప్పా? పూర్తిగా తప్పు కాదు. పేరు వాళ్లది. బియ్యం సగం ఉడికించి వార్చడం, మూత బిగించి ఆవిరి మీద మగ్గించడం వాళ్ల పద్ధతికి దగ్గరివి. కానీ మసాలా, పచ్చిమిర్చి, పచ్చిమాంసాన్నే నానబెట్టి అన్నంతో కలిపి దమ్ వేసే కచ్చి పద్ధతి, పక్కన మిర్చీ కా సాలన్, ఇవన్నీ దక్కన్ తెచ్చిపెట్టినవి. వాదించే ఇద్దరి చేతిలోనూ సగం సగం నిజం ఉంది.

హలీం. హైదరాబాదీ హలీంకు 2010లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. గరం మసాలా, నెయ్యి, వేయించిన ఉల్లిపాయ లేకుండా దాన్ని మనం ఊహించలేం. ఇరాన్‌లో హలీం అంటే పొద్దుటి టిఫిన్. గోధుమలు, మాంసం మెత్తగా ఉడికించి పైన దాల్చినచెక్క పొడి, చాలామంది పంచదార కూడా చల్లుకుంటారు. అక్క ఆర్డర్ చేసింది అదే. మొదటి చెంచాకే "ఇది తియ్యగుంది రా, మార్చమను" అంది. వాళ్లు పొరపాటున ఇచ్చిందేమీ కాదు.

ఫలూదా. మనకు పాలు, సేమ్యా, సబ్జా గింజలు, ఐస్‌క్రీం. షిరాజ్ ఊరి ఫలూదేలో పాలే ఉండవు. గంజిపిండితో చేసిన సన్నటి పోగులను గులాబీ పాకంలో గడ్డకట్టించి, పైన నిమ్మరసం పిండుతారు.

గంజి వార్చిన అన్నం, అడుగున బంగారు మాడు

పర్షియన్ భోజనానికి కేంద్రం అన్నమే. ఈ ఒక్కటి అర్థమైతే మిగతాది సులువు. అందులో రెండు రకాలు. చెలో అంటే ఏమీ కలపని తెల్లన్నం, కూరతోనో కబాబ్‌తోనో తింటారు. పొలో అంటే పప్పో, ఎండుపళ్లో, కూరగాయలో పొరలుగా కలిపి వండినది. మన పులావు మాట ఇదే.

వండే తీరు మన పెద్దవాళ్లకు కొత్త కాదు. కుక్కర్లు రాకముందు మన ఇళ్లలో ఎసరు మరిగించి, బియ్యం పోసి, పలుకు ఉండగా గంజి వార్చి, నిప్పుల మీద మగ్గనిచ్చేవారు. చెలో కూడా అంతే. ఉప్పునీళ్లలో బియ్యం ముప్పావు వంతు ఉడకగానే వార్చేస్తారు. గిన్నె అడుగున నూనో వెన్నో వేసి, అన్నాన్ని గుట్టగా పోసి, పుల్లతో నాలుగు బొక్కలు పెడతారు. మూతకు గుడ్డ చుట్టి బిగిస్తారు. ఆ గుడ్డ కోసమే గిన్నె దగ్గర నిలబడి చూడాలనిపిస్తుంది. లేచిన ఆవిరి మూతకు తగిలి నీటిచుక్కలై అన్నం మీద పడకుండా, గుడ్డ మొత్తం పీల్చేసుకుంటుంది. అందుకే మెతుకు మెతుక్కీ అంటదు. ఆ గుడ్డ మూతను దమ్‌కునీ అంటారు. ఫారసీలో దమ్ అంటే ఊపిరి, ఆవిరి. దమ్ బిర్యానీలోనూ, "దమ్ముంటే రా" అనే మాటలోనూ ఉన్నది అదే దమ్.

ఇలా ముప్పావుగంట, గంట సన్నమంట మీద ఉంచితే అడుగున ఒక పొర ఎర్రగా, కరకరలాడేలా తయారవుతుంది. అదే తహ్‌దీగ్. తహ్ అంటే అడుగు, దీగ్ అంటే గిన్నె. మన మాడుకూ దానికీ తేడా మంటలో ఉంది. మనది చూసుకోకపోతే అయ్యేది, వాళ్లది కాచుకుని చేసేది. కొందరు అన్నానికి కుంకుమపువ్వు నీళ్లు, పెరుగు కలిపి అడుగున పరుస్తారు. కొందరు పల్చటి రొట్టె, కొందరు ఆలుగడ్డ చక్రాలు పరుస్తారు. ఇరాన్ ఇళ్లలో దీని కోసం పిల్లలు కొట్లాడుకుంటారు, చుట్టాలొస్తే ముందు వాళ్లకే పెడతారు.

అమ్మ ఆ రోజు ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుంది. ఏమీ అనలేదు, ఇంకో ముక్క విరిచింది. ఊరికి వచ్చిన వారానికి ఇంట్లో చేసి చూసింది. అడుగున జొన్నరొట్టె పరిస్తే పొడిబారి మాడిపోయింది. ఆలుగడ్డ చక్రాలు మాత్రం చక్కగా ఎర్రబడ్డాయి.

కారం లేనిచోట పులుపు ఎలా పనిచేస్తుంది?

మా జిల్లాలోనే ధర్మాబాద్ మిర్చి మార్కెట్ ఉంది. ఆ గాలి పీల్చి పెరిగినవాళ్లకు కారం లేని మాంసం కూర అసంపూర్తిగా అనిపించడం సహజం. మిరపకాయ అమెరికా ఖండాల పంట. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లతో మన తీరానికి వచ్చింది, మనం దాన్ని ఒళ్లో పెట్టుకున్నాం. ఇరాన్‌లో దక్షిణాన సముద్రతీరపు ఊళ్లు తప్ప మిగతా ప్రాంతం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ల నాలుకకు చురుకు పుట్టించేది పులుపు. ఎండు నిమ్మకాయ, దానిమ్మ పాకం, జెరెష్క్ అనే చిన్న ఎర్రటి ఎండుపండు, పచ్చి ద్రాక్ష. చింతపండు, గోంగూర తెలిసిన మనకు ఈ దారి కష్టమైనదేమీ కాదు.

టేబుల్ మీద ఎర్రటి పొడి ఉన్న చిన్న సీసా చూసి అక్క కారమనుకుని కబాబ్ నిండా చల్లేసింది. అది సుమాక్. ఒక పొద మీది పండ్లను ఎండబెట్టి దంచిన పుల్లటి పొడి. కొవ్వు మాంసం మీద నిమ్మరసం చేసే పని అది చేస్తుంది.

నల్లగా ఉందన్న కూర ఘోర్మే సబ్జీ. సబ్జీ అంటే హిందీలో కూరగాయ, ఫారసీలో మాత్రం పచ్చని ఆకులు. పార్స్లీ, కొత్తిమీర, ఉల్లికాడల లాంటి ఆకు, కొంచెం మెంతికూర సన్నగా తరిగి నూనెలో బాగా నల్లబడేదాకా వేయిస్తారు. తరువాత మాంసం, రాజ్మా, ఎండు నిమ్మకాయలు వేసి గంటలకొద్దీ ఉడికిస్తారు. గోంగూర మాంసం తిన్న నోటికి రెండో ముద్దకే లంకె దొరుకుతుంది. అమ్మ అందులోని నిమ్మకాయను ముక్క అనుకుని కొరికేసింది.

"అమ్మమ్మా, కొరకొద్దు. చెంచాతోని ఒత్తి రసం కలుపుకోవాలె" అని మేనకోడలు చెప్పేలోపే అమ్మ మొహం చేదు మందు మింగినట్టు అయిపోయింది.

ఇంకో సంగతి నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. వేడి చేసే తిండి, చలవ చేసే తిండి అని మన అమ్మమ్మలు చెప్పే లెక్క ఇరాన్‌లోనూ ఉంది. వాళ్లు గర్మీ, సర్దీ అంటారు. ఫెసెంజాన్ అనే కూర చూడండి. అక్రోట్లు దంచి, దానిమ్మ పాకంలో కోడిమాంసంతో ఉడికిస్తారు. అక్రోటు వేడి, దానిమ్మ చలవ, రెండూ కలిస్తే సరిపోతుందని వాళ్ల నమ్మకం. నువ్వుల పొడి వేసిన వంకాయ పులుసును తలచుకుంటే దాని చిక్కదనం ఊహకు అందుతుంది, కాకపోతే తీపి ఎక్కువ.

హోటల్ తిండి, ఇంటి తిండి, మోడర్న్ అనే మాట

ఇరాన్‌లో బయట భోజనమంటే ముఖ్యంగా చెలో కబాబ్. కుబీదే అంటే దంచిన మాంసాన్ని వెడల్పాటి ఇనుప ఊచకు అద్ది కాల్చేది. బర్గ్ అంటే ఆకు, మాంసాన్ని ఆకులా పల్చగా కోస్తారు. జూజే అంటే కోడిపిల్ల, ఆ మాంసాన్ని కుంకుమపువ్వు, ఉల్లిరసంలో నానబెట్టి కాలుస్తారు. కుబీదే, బర్గ్ రెండూ కలిపి ఇస్తే సుల్తానీ. పక్కన కాల్చిన టమాట, పచ్చి ఉల్లిపాయ, అన్నం మీద వెన్న ముద్ద. ఘోర్మే సబ్జీ, ఫెసెంజాన్ లాంటివి ఎక్కువగా ఇంట్లో అమ్మ చేతి వంటలు.

మోడర్న్ పర్షియన్ అన్నప్పుడు జరిగేది ఇదే: ఇంటి వంట మెనూ మీదికి ఎక్కుతుంది. పాత పద్ధతిలో సోఫ్రే అనే గుడ్డ పరిచి అన్నీ ఒకేసారి పెడతారు, మన విస్తరిలాగే. కొత్త రెస్టారెంట్‌లో ఒకదాని తరువాత ఒకటి చిన్న చిన్న ప్లేట్లలో వస్తాయి. గిన్నె అడుగున అందరూ పంచుకునే తహ్‌దీగ్ విడి ఐటమ్ అయిపోతుంది. పచ్చి ఆకుల పళ్లెం అలంకరణలా కనిపిస్తుంది గానీ, సబ్జీ ఖోర్దన్ అనే ఆ పుదీనా, తులసి జాతి ఆకు, ముల్లంగి, పనీర్‌ను రొట్టెలో చుట్టుకుని తినాలి. మేము దాన్ని ముట్టుకోకుండానే పంపించేశాం, ఇప్పటికీ బాధగా ఉంది.

శాకాహారులకు దారి ఉంది, కాస్త చూసుకోవాలి. కాల్చిన వంకాయ, వెల్లుల్లి, టమాట కలిపిన మీర్జా ఘాసెమీ గీలాన్ వంట. రుచి చూసి అమ్మ "మన భరీత్ లెక్కనే ఉంది" అంది. కానీ అందులో గుడ్డు ఉంటుంది. కష్క్ బాదెంజాన్‌లో గుడ్డు ఉండదు, ఎండబెట్టిన పెరుగు సరుకు కలుస్తుంది. ఆష్ రెష్తే అనే చిక్కటి నూడుల్స్ పులుసులో ఆకులు, శనగలు, రాజ్మా ఉంటాయి, కొందరు దాన్ని మాంసం నీళ్లతో చేస్తారు. తాగడానికి దూగ్ ఉంటుంది: పుదీనా వేసిన మజ్జిగ, కొన్నిచోట్ల సోడా గాలితో.

మన నోటికి మార్చాలా, అలాగే ఉంచాలా?

ఇక్కడ రెండు పక్షాలున్నాయి. కబాబ్‌లో పచ్చిమిర్చి వేసి, మెనూలో హమ్మస్, షవర్మా చేర్చి పర్షియన్ అని బోర్డు పెట్టడం మోసమని ఒక పక్షం. హమ్మస్ లెబనాన్, సిరియా, పాలస్తీనా వైపు వంట. అరబ్బు వంటలనూ ఇరాన్ వంటలనూ ఒకే సంచిలో వేస్తే రెండింటికీ అన్యాయమే. రెండో పక్షం వాళ్లు, మార్చుకోవడం వల్లే కదా దక్కన్‌కు బిర్యానీ, హలీం దక్కాయని అడుగుతారు. జెరెష్క్ పండ్లు, కుంకుమపువ్వు దిగుమతి చేసుకుని అద్దె కట్టే యజమానికి జనం తినగలిగేది పెట్టక తప్పదన్న మాటలోనూ న్యాయం ఉంది. ప్రపంచంలో పండే కుంకుమపువ్వులో చాలా పెద్ద వాటా ఇరాన్‌దే, ముఖ్యంగా ఖొరాసాన్‌ది. పువ్వుకు మూడే ఎర్రటి పోగులు తీస్తారు, కిలో కావాలంటే లక్షన్నర పూల దాకా కోయాలి.

నా వరకు నేను మొదటి పక్షానికి కొంచెం దగ్గర. వంట మార్చినా సరే, మార్చామని మెనూలో ఒక్క ముక్క రాస్తే తినేవాడికి తెలుస్తుంది.

బిల్లులో ఏది పన్ను, ఏది కాదు?

ఉదాహరణకు నలుగురి భోజనం 2,400 రూపాయలు అయిందనుకోండి. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం, అంటే 120. మొత్తం 2,520. దీనికి తోడు 10 శాతం సర్వీస్ చార్జి వేస్తే ఇంకో 240. ఇది ప్రభుత్వానికి వెళ్లే పన్ను కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో దీన్ని బిల్లులో దానంతట అదే కలపకూడదని చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మాటను సమర్థించింది. సిబ్బంది అందరికీ పంచే డబ్బు ఇదని హోటల్ సంఘాలు వాదిస్తూ అప్పీలుకు వెళ్లాయి. కబాబ్ రేటులో అన్నం కలిసి ఉందా లేదా అన్నది కూడా బిల్లును బాగా మారుస్తుంది. మెనూలో పేరు ముందు 'చెలో' ఉంటే అన్నంతో కలిపి అని అర్థం.

చివర్లో వచ్చే చాయ్

భోజనం అయ్యాక నేను ఇరానీ చాయ్ అడిగాను. చిన్న గాజు గ్లాసులో ఎర్రటి డికాషన్, పక్కన గట్టి చక్కెర గడ్డలు వచ్చాయి. ఇరాన్‌లో చాయ్‌లో పాలు పోయరు. పాలు పోసి మరిగించే ఇరానీ చాయ్ మన నగరాల్లో తయారైనది.

అక్కడ చాయ్ తోటలు కూడా పాతవి కావు. 1900 ప్రాంతంలో కాషెఫ్ అల్ సల్తనే అనే ఇరాన్ దౌత్యాధికారి మన కాంగ్రా లోయ నుంచి తేయాకు మొక్కలు తీసుకెళ్లి గీలాన్‌లోని లాహీజాన్‌లో నాటించాడు. మహమూద్ గవాన్ పుట్టిన సీమ అది. చాయ్ దుకాణాలను అక్కడ ఇప్పటికీ ఖహ్వేఖానే, అంటే కాఫీ ఇల్లు, అనే పిలుస్తారు.

చక్కెరను గ్లాసులో వేసుకోరు, గడ్డను పళ్ల మధ్య పెట్టుకుని చాయ్ పీలుస్తారు. మేనకోడలు చేసి చూపించింది. అమ్మ గడ్డను బుగ్గన పెట్టుకుని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తాగింది.

"మామా, ఇంకోటి చెప్పు అమ్మమ్మకు" అంది మేనకోడలు.